కీహోల్ బైపాస్ తర్వాత: ఇంటికొచ్చాక బయటపడే ఇబ్బందులు

అనంతపురంలో ఎవరికైనా గుండెకు బైపాస్ ఆపరేషన్ అవసరమైతే చాలా కుటుంబాలు చూసేది బెంగళూరు వైపో, పుట్టపర్తి వైపో. కర్నూలు వాళ్ళు హైదరాబాద్ బయల్దేరతారు. కడప వాళ్ళకు తిరుపతి, వేలూరు, చెన్నై అలవాటు. ఈ పెద్ద ఊళ్ళ ఆసుపత్రుల్లో కొన్నేళ్ళుగా ఒక మాట బాగా వినబడుతోంది: కీహోల్ బైపాస్. ఛాతీ మధ్య ఎముకను కోయరు. ఎడమ రొమ్ము కింద రెండు మూడు అంగుళాల కోతతో పని ముగిస్తారు. అన్నీ సవ్యంగా ఉంటే నాలుగైదు రోజుల్లో ఇంటికి పంపేస్తారు. ఇందులో అబద్ధమేమీ లేదు.

మెలిక ఎక్కడుందంటే, ఆ నాలుగైదు రోజుల్లోనే. పాత పద్ధతిలో మనిషి వారం పది రోజులు ఆసుపత్రిలో ఉండేవాడు. గుండె దడ వచ్చినా, ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరినా నర్సు కళ్ళముందే వచ్చేది. ఇప్పుడు అవే ఇబ్బందుల్లో కొన్ని రోగి ఇంటి మంచం మీద ఉండగా, ఆపరేషన్ చేసిన డాక్టరుకు 200 కిలోమీటర్ల అవతల మొదలవుతున్నాయి. కోత చిన్నదైనంత మాత్రాన లోపల జరిగిన పని చిన్నదైపోదు. ఏ ఇబ్బంది ఎందుకొస్తుంది, ఏ రోజుల్లో వస్తుంది, దాన్ని సొంత ఊళ్ళోనే ఎంతవరకు సరిదిద్దుకోవచ్చు అన్నది ఇంట్లో ఒక్కరికైనా తెలిసి ఉండాలి.

లోపల ఏం చేస్తారో తెలిస్తే సగం సంగతి అర్థమవుతుంది. ఎడమవైపు నాలుగో, ఐదో పక్కటెముకల సందులోంచి లోపలికి వెళ్తారు. అక్కడ పని చేయడానికి చోటు కావాలి కాబట్టి ఎడమ ఊపిరితిత్తిలోకి గాలి ఆపి దాన్ని ముడుచుకునేలా చేస్తారు. ఆ కాసేపూ మనిషి కుడి ఊపిరితిత్తితోనే బతుకుతాడు. పక్కటెముకలను ఒక పనిముట్టుతో మెల్లగా ఎడం చేస్తారు. ఛాతీ గోడకు లోపలివైపు నిలువుగా దిగే ధమనిని, డాక్టర్లు లిమా అనేదాన్ని, జాగ్రత్తగా విడదీసి గుండె ముందు భాగంలో ఉండే ప్రధాన నాళానికి కలుపుతారు. ఆ నాళం లోపలి వెడల్పు రెండు మిల్లీమీటర్లు ఉంటే గొప్ప. కుట్టే దారం వెంట్రుకంత సన్నం. చాలాసార్లు గుండె కొట్టుకుంటూ ఉండగానే ఈ కుట్టుపని జరిగిపోతుంది. ఒకటికి మించి నాళాలు మూసుకుపోయి ఉంటే కాలి సిరను తీసి అతుకుతారు, లేదా ముందు నాళానికి లిమా కలిపి, మిగతావాటికి తర్వాత స్టెంట్లు వేస్తారు.

ఇది నిన్నమొన్న పుట్టిన ఆలోచన కూడా కాదు. 1964లో లెనిన్‌గ్రాడ్‌లో వాసిలీ కొలెసోవ్ ఛాతీకి ఎడమ పక్కనుంచే వెళ్ళి, కొట్టుకుంటున్న గుండె మీదే ఈ లిమాను కలిపి కుట్టారు. తర్వాత గుండె, ఊపిరితిత్తుల పనిని కాసేపు తానే చేసే హార్ట్ లంగ్ మెషీన్ పెట్టి, ఛాతీ మధ్యలో తెరిచి చేసే పద్ధతి ప్రపంచమంతా పాకింది. 1990ల్లో మళ్ళీ పక్కదారి గుర్తొచ్చింది.

మధ్య ఎముక కోయకపోవడం వల్ల దక్కే లాభం నిజంగా పెద్దదే. కోసిన ఎముకను స్టీలు తీగలతో కట్టి, అది అతుక్కోవడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగాల్సిన పని లేదు. ఆ ఎముక లోపల చీము పట్టడం పాత పద్ధతిలో అందరూ భయపడే ఉపద్రవం. షుగర్ ఉన్నవాళ్ళలో, లావుగా ఉన్నవాళ్ళలో అది ప్రాణం మీదికే తెస్తుంది. ఆ గండం ఇక్కడ తప్పుతుంది. రక్తం ఎక్కించాల్సిన అవసరమూ తగ్గుతుంది. కానీ ఏ దారిన లోపలికి వెళ్ళారో ఆ దారి తాలూకు ఇబ్బందులు ఉండనే ఉంటాయి. ఎముక బాధ పోయి, పక్కటెముకల బాధ వస్తుంది.

పక్కలో పోటు

ప్రతి పక్కటెముక కింద ఒక నరం నడుస్తుంది. ఎముకలను ఎడం చేసినప్పుడు ఆ నరం నలుగుతుంది. ఒక్కోసారి పక్కటెముక చిట్లుతుంది కూడా. అందుకే మొదటి మూడు నాలుగు రోజులు చిన్న కోత వాళ్ళకే నొప్పి ఎక్కువ అనిపించే అవకాశం ఉంది. "చిన్న ఆపరేషన్ అన్నారే, ఇంత సలుపేంటి" అని మనిషి కంగారు పడతాడు. ఈ సంగతి ముందే చెప్పి పంపితే సగం టెన్షన్ పోతుంది.

నొప్పిని ఓర్చుకోవడం మన దగ్గర గొప్పతనం కింద లెక్క. ఈ ఆపరేషన్ తర్వాత ఆ ఓర్పు చెడుపే చేస్తుంది. నొప్పికి భయపడి మనిషి పైపైనే ఊపిరి తీస్తాడు, దగ్గు వస్తే బిగబడతాడు. కఫం లోపలే నిలిచిపోతుంది. ఆపరేషన్‌లో ఒకసారి ముడుచుకున్న ఎడమ ఊపిరితిత్తి అడుగు భాగం పూర్తిగా విచ్చుకోదు. అక్కడే న్యుమోనియా మొదలవుతుంది. కాబట్టి డాక్టరు రాసిన పారాసెటమాల్ లాంటి మందును నొప్పి వచ్చాక వెతుక్కోకుండా, మొదటి వారం వేళకు వేసుకుంటూ పోవాలి. దగ్గేటప్పుడు చిన్న దిండును ఎడమ పక్కకు అదిమి పట్టుకుంటే పోటు చాలా తగ్గుతుంది. ఇంట్లో తలగడ పెద్దదైతే దుప్పటి మడత చాలు.

ఇక్కడ పల్లెల్లో జరిగే ఒక పని గురించి గట్టిగా చెప్పుకోవాలి. నొప్పి అనగానే ఆర్‌ఎంపీని పిలిచి ఇంజెక్షన్ వేయించడం. ఆ సూదిలో ఎక్కువగా ఉండేది డైక్లోఫెనాక్ రకం మందు. బైపాస్ అయిన కొత్తలో ఆ కుటుంబానికి చెందిన నొప్పి మందులు వాడకూడదని హెచ్చరిక ఉంది. గుండెపోటు, పక్షవాతం ముప్పు పెరుగుతుంది, కిడ్నీల మీద భారం పడుతుంది. పైగా రోగి అప్పటికే రక్తం పలుచబడే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ మింగుతుంటాడు కాబట్టి కడుపులో రక్తస్రావం కావచ్చు. మలం నల్లగా తారులా వస్తే అది ఐరన్ మాత్ర వల్లా, రక్తం వల్లా అన్నది ఊహించుకుంటూ కూర్చోకూడదు, అదే రోజు డాక్టరుకు చూపించాలి. ఫార్మసీలో అడిగి తెచ్చుకునే నడుం నొప్పి, పంటి నొప్పి మాత్రలకూ ఇదే వర్తిస్తుంది.

రెండు మూడు వారాల తర్వాత నొప్పి స్వభావం మారుతుంది. పోటు తగ్గి మంట, తిమ్మిరి, కరెంటు షాక్ కొట్టినట్టు జలదరింపు మిగులుతాయి. చొక్కా తగిలినా చురుక్కుమంటుంది. రొమ్ము చుట్టూ స్పర్శ మొద్దుబారుతుంది. ఇది నరం కోలుకునే తీరు. దీనికి మామూలు నొప్పి మాత్రలు పనిచేయవు, నరాల నొప్పికి ఇచ్చే ప్రీగాబాలిన్ లాంటివి డాక్టరు రాస్తారు. నెలల తరబడి తగ్గకపోతే నరానికి మత్తు ఇచ్చే పద్ధతులున్నాయి.

అరుదుగా, దగ్గినప్పుడు కోత దగ్గర బుడిపెలాగా ఉబ్బి, ఊపిరి వదలగానే లోపలికి పోతుంది. పక్కటెముకల సందులోంచి ఊపిరితిత్తి తోసుకొస్తోందన్న మాట. నొక్కి కట్టు కట్టేయకుండా సర్జన్‌కు చూపించాలి.

మూడు బంతులు

డిశ్చార్జ్ రోజున చేతికి ఒక ప్లాస్టిక్ డబ్బా ఇస్తారు. మూడు గొట్టాలు, ఒక్కోదాంట్లో ఒక రంగు బంతి, పక్కన 600, 900, 1200 అని అంకెలు. ఒక పైపు వేలాడుతూ ఉంటుంది. ఇంటికి వచ్చిన రెండో రోజుకే అది మనవళ్ళ చేతిలో ఆటవస్తువైపోతుంది. పెద్దాయన వాడినా, చాలాసార్లు బుడగ ఊదినట్టు దాంట్లోకి ఊదుతుంటాడు. ఊదితే బంతి లేవదు. పైపును పెదవుల మధ్య బిగించి, గాలిని నెమ్మదిగా లోపలికి పీల్చాలి. మొదటి బంతి లేస్తుంది. ఇంకాస్త బలంగా పీలిస్తే రెండోది. లేపిన బంతిని రెండు మూడు సెకన్లు అలాగే నిలబెట్టి, పైపు తీసేసి, మెల్లగా వదలాలి. మెలకువగా ఉన్నంతసేపూ గంటకోసారి పదేసి పీల్పులు. మొదటి వారం మూడో బంతి లేవకపోయినా దిగులు పడక్కర్లేదు. నిన్న రెండు లేచి ఇవాళ ఒకటీ లేవకపోతే మాత్రం లోపల ఏదో జరుగుతున్నట్టే.

ఆ జరిగేది చాలాసార్లు ఎడమ ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరడమే. లిమాను విడదీసేటప్పుడు ఊపిరితిత్తి చుట్టూ ఉండే పొర తెరుచుకుంటుంది కాబట్టి ఇది అనుకున్నదే. కొద్దిగా ఉంటే దానంతటదే ఇంకిపోతుంది, లేదా నీరు పోయే మాత్రలతో తగ్గుతుంది. ఎక్కువగా ఉంటే మెట్లెక్కుతుంటే ఆయాసం, ఎడమవైపు తిరిగి పడుకోలేకపోవడం, పొడి దగ్గు కనబడతాయి. ఒక ఎక్స్‌రే, ఒక స్కానింగ్‌తో తేలిపోయే విషయం ఇది. స్కానింగ్‌లో చూస్తూ సూదితో నీరు తీయడం అనంతపురంలోనో, కర్నూలులోనో, కడపలోనో జరిగే పనే. ఇందుకోసం బెంగళూరుకు కారు మాట్లాడాల్సిన పని లేదు. కాకపోతే సూది వేసే డాక్టరుకు రోగి రక్తం పలుచబడే మందులు వాడుతున్నాడని ముందే తెలియాలి.

ఎక్స్‌రేలో ఎడమవైపు డయాఫ్రమ్, అంటే ఊపిరితిత్తి కింద ఉండి ఊపిరికి తోడ్పడే కండరం, పైకి జరిగి కనబడితే వేరే కారణం. గుండె పక్కనుంచే దిగే నరం ఒకటి ఆపరేషన్‌లో దెబ్బతిని ఉండొచ్చు. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడదు, కూర్చుంటే హాయిగా ఉంటుంది. చాలామందిలో నెలల మీద సర్దుకుంటుంది. ఈలోగా తల వైపు ఎత్తు పెట్టుకుని పడుకోవడం, ఊపిరి వ్యాయామాలే వైద్యం. బీడీ, సిగరెట్ మాట ఇక్కడ ఎత్తడం కూడా దండగ. అవి ఇంట్లోనే ఉండకూడదు.

ఆపరేషన్ అప్పుడు ఛాతీలో పెట్టిన ట్యూబులు తీసిన రంధ్రాల్లోంచి నాలుగైదు రోజులు ఎరుపు కలిసిన పల్చటి నీరు కారడం మామూలే. చిక్కబడి, పసుపుపచ్చగా మారి, వాసన వస్తే మామూలు కాదు.

నాడి లయ తప్పితే

బైపాస్ చేయించుకున్నవాళ్ళలో ఇంచుమించు నలుగురిలో ఒకరికి గుండె పైగదులు లయ తప్పి కొట్టుకుంటాయి. దీన్ని ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారు. కోత చిన్నదైనా ఈ బెడద పూర్తిగా తప్పదు. ఎక్కువగా వచ్చేది రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య, కొందరిలో ఇంకాస్త ఆలస్యంగా. అంటే సరిగ్గా డిశ్చార్జ్ సంతకాలు పెట్టి, హైవే ఎక్కి, ఊరు చేరే రోజుల్లో. తొందరగా ఇంటికి పంపడాన్ని మెచ్చుకునేటప్పుడు ఈ లెక్క ఎవరూ చెప్పరు.

మణికట్టు మీద బొటనవేలి కిందుగా మూడు వేళ్ళు ఆనించి, ఒక నిమిషం నాడి చూడటం ఇంట్లో అందరూ నేర్చుకోవచ్చు. మామూలు నాడి గడియారం ముల్లులా ఒకే దూరంలో తగులుతుంది. లయ తప్పిన నాడి రేకుల కప్పు మీద తొలకరి చినుకుల్లా ఉంటుంది: రెండు దగ్గరగా, ఒకటి ఆలస్యంగా, ఒకటి బలంగా, ఒకటి తగిలీ తగలనట్టు. దడతోపాటు నీరసం, కళ్ళు తిరగడం, చెమట ఉండొచ్చు. కొందరికి ఏమీ తెలియకపోవచ్చు కూడా. అందుకే పొద్దున, సాయంత్రం నాడి చూసి కాగితం మీద రాసి పెట్టుకోవడం మొదటి రెండు వారాలు పనికొస్తుంది.

ఇది కనబడితే దగ్గర్లో ఎక్కడ వీలైతే అక్కడ ఈసీజీ తీయించాలి. వేగాన్ని అదుపు చేసే మందులు, రక్తంలో పొటాషియం, మెగ్నీషియం సరిచేయడం, అవసరమైతే లయను సరిచేసే అమియోడరోన్, ఇవన్నీ జిల్లా కేంద్రంలో ఏ గుండె డాక్టరైనా మొదలుపెట్టగలిగినవే. లయ తప్పడం 48 గంటలు దాటితే గుండెలో రక్తం గడ్డకట్టి మెదడుకు చేరే ప్రమాదం పెరుగుతుంది. అప్పుడు రక్తం గడ్డకట్టకుండా చూసే మందు కలపాలా వద్దా అన్నది తేల్చుకోవాలి. చాలామందిలో నెలా నెలన్నరలో లయ తిరిగి కుదురుకుంటుంది. ఈ బెడదను ఆపడానికి రాసే మెటొప్రొలాల్ మాత్రను మాత్రం "బీపీ బాగానే ఉంది కదా" అని సొంతంగా ఆపేయకూడదు. ఉన్నట్టుండి ఆపితే గుండె ఎదురుతిరుగుతుంది.

జ్వరం వస్తే వైడాల్ ఒక్కటే కాదు

మన ఊళ్ళలో జ్వరం అనగానే వైడాల్ పరీక్ష, ఆ వెంటనే టైఫాయిడ్ ఇంజెక్షన్లు. బైపాస్ అయిన మనిషికి వారం నుంచి ఆరు వారాల లోపు జ్వరం వస్తే ఆలోచన ఇంకోలా సాగాలి. ముందు కుట్లు చూడాలి, తర్వాత ఊపిరితిత్తులు, తర్వాత మూత్రం. ఇవన్నీ బాగుండి, గట్టిగా ఊపిరి పీల్చినా పడుకున్నా ఛాతీ నొప్పి పెరిగి, ముందుకు వంగి కూర్చుంటే తగ్గుతోందంటే, గుండె చుట్టూ ఉండే పొర వాచిందని అనుమానించాలి. ఆపరేషన్‌లో ఆ పొరను తెరిచారు కాబట్టి శరీరం దాని మీద చూపే ప్రతిచర్య అది. క్రిములతో సంబంధం లేదు, యాంటీబయాటిక్స్‌తో తగ్గదు. కాల్చిసిన్, వాపు తగ్గించే మందులతో తగ్గుతుంది. నొప్పి మందులు వద్దని పైన చెప్పి ఇక్కడ వాపు మందు అంటున్నారేమిటన్న అనుమానం రావచ్చు. ఏ మందు, ఎంత మోతాదు, కిడ్నీలు తట్టుకుంటాయా అన్నది చూసి డాక్టరు ఇచ్చేది వేరు, అడక్కుండా వేసే సూది వేరు. ఈ వాపుతో ఊపిరితిత్తి చుట్టూ కూడా నీరు చేరుతుంది. ఆపరేషన్ సంగతి తెలియని డాక్టరు దాన్ని టీబీ అనుకునే అవకాశం ఉంది.

ఇదే వాపు వల్లనో, రక్తం పలుచబడే మందుల వల్లనో గుండె చుట్టూ నీరు లేదా రక్తం నిండి, గుండెను నొక్కేస్తే అది క్షణాల మీద నడిచే అత్యవసరం. మాట్లాడితే ఆయాసం, మెడ నరాలు ఉబ్బడం, బీపీ పడిపోవడం, మూత్రం తగ్గిపోవడం, మనిషి తెల్లబడి చల్లబడటం. ఆపరేషన్ బాగా జరిగి ఇంటికొచ్చిన పది పదిహేను రోజులకు కూడా ఇది రావచ్చు. ఎకో, అంటే గుండె స్కానింగ్, తీస్తే నిమిషాల్లో తేలుతుంది. ఆ నీరు తీసేస్తే మనిషి అక్కడికక్కడే తేరుకుంటాడు. ఈ స్థితిలో ఉన్న మనిషిని కారు వెనక సీట్లో పడుకోబెట్టుకుని మూడున్నర గంటల ప్రయాణానికి బయల్దేరడం కంటే పెద్ద పొరపాటు ఉండదు. ఎకో ఉన్న దగ్గరి ఆసుపత్రికే వెళ్ళాలి.

కాలి కుట్లు, ఎండలు, పథ్యం

ఛాతీ కోత గురించి ఇంటిల్లిపాదీ ఆరా తీస్తారు. ఇబ్బంది పెట్టేది మాత్రం చాలాసార్లు కాలు. సిర తీసిన కాలు సాయంత్రానికి ఉబ్బుతుంది, మడమ దగ్గర చెప్పు బిగుసుకుంటుంది. బొటనవేలితో కాలి ఎముక మీద పది సెకన్లు నొక్కి వదిలితే గుంట నిలుస్తుంది. కూర్చున్నప్పుడు కాలు ఎత్తు మీద పెట్టుకోవడం, డాక్టరు చెప్పిన మేజోళ్ళు వేసుకోవడంతో వారాల మీద తగ్గుతుంది. రెండు కాళ్ళూ ఉబ్బి, బరువు రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే ఒంట్లో నీరు నిలుస్తోందని. ఒక్క పిక్క మాత్రమే గట్టిపడి, వేడెక్కి, నొప్పి పెడితే లోపల సిరలో గడ్డ ఉందేమో చూడాలి. ఈ రెండూ ఆగే సంగతులు కావు.

అనంతపురంలో ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటడం ఏటా ఉండేదే. ఆడవాళ్ళకు కోత రొమ్ము మడత కిందే పడుతుంది. అక్కడ చెమట చేరి, తడి ఆరక, కుట్లు పాచిపోయి విడిపోతాయి. రోజూ సబ్బు నీళ్ళతో మెల్లగా కడిగి, అద్ది ఆరబెట్టి, మడతలో పల్చటి శుభ్రమైన నూలుగుడ్డ పెడితే చాలావరకు గట్టెక్కుతారు. పసుపు, కొబ్బరినూనె, పౌడర్ కుట్ల మీద వేయకూడదు. కరెంటు పోయే రాత్రుల్లో చెమట పట్టిన గుడ్డ మార్చడం మరిచిపోకూడదు.

ఎండాకాలంలో ఇంకో చిక్కు. నీరు పోయే మాత్రలు, బీపీ మాత్రలు వాడుతున్నవాడికి "నీళ్ళు తక్కువ తాగు" అని చెప్పి పంపి ఉంటారు. అది బెంగళూరు వాతావరణంలో చెప్పిన లెక్క. ఇక్కడి వడగాలిలో అదే లెక్క పాటిస్తే లేచి నిలబడగానే కళ్ళు చీకట్లు కమ్ముతాయి, కిడ్నీ దెబ్బతింటుంది. బరువు, బీపీ రాసి పెట్టి ఫోన్‌లో డాక్టరుకు చెబితే మోతాదు మారుస్తారు. కొబ్బరినీళ్ళు మంచివే కదా అని రోజుకు మూడు కాయలు తాగించడమూ అడిగాకే చేయాలి. కిడ్నీ అంతంతమాత్రంగా ఉండి, కొన్ని రకాల బీపీ మాత్రలు వాడేవాళ్ళకు పొటాషియం పెరిగిపోతుంది.

పథ్యం అసలు తగాదా. పప్పు తింటే చీము పడుతుందని, గుడ్డు వేడి చేస్తుందని, మాంసం మూడు నెలలు ముట్టకూడదని చెప్పే పెద్దలు ప్రతి ఇంట్లో ఉన్నారు. ఫలితంగా మనిషి నెల రోజులు చారన్నం, ఇడ్లీతో గడుపుతాడు. కుట్లు అతకడానికి కావాల్సింది మాంసకృత్తులే. పప్పు, గుడ్డు తెల్లసొన, పెరుగు, చేప, పులుసు తగ్గించిన కోడిమాంసం తింటే పుండు త్వరగా మానుతుంది. పప్పు తిన్నందుకు చీము పట్టదు, షుగర్ అదుపు తప్పితే పడుతుంది. రాగి సంగటి బంగారం లాంటిదే, కానీ షుగర్ ఉన్నవాడికి పిడికెడు ముద్ద చాలు. సంగటిలోకి ఊరగాయ కంటే ఆకుకూర పప్పు మేలు. ఊరగాయ ఉప్పు కాళ్ళలోకి దిగుతుంది. లయ తప్పినందుకు వార్ఫరిన్, ఎసిట్రోమ్ లాంటి మందు వాడేవాళ్ళు ఆకుకూర మానేయక్కర్లేదు గానీ, రోజూ ఇంచుమించు ఒకే మోతాదులో తినాలి.

పక్కింటాయనకు పదేళ్ళ కింద ఛాతీ మధ్యలో కోసి చేశారు కాబట్టి, ఆయనకు చెప్పిన జాగ్రత్తలన్నీ ఈయనకూ అంటగట్టడం ఇంకో అలవాటు. పక్కకు తిరగొద్దు, చేయి ఎత్తొద్దు, మూడు నెలలు గడప దాటొద్దు. మధ్య ఎముక కోయని మనిషిని అలా పడుకోబెడితే ఎడమ భుజం బిగుసుకుంటుంది, కాళ్ళలో గడ్డలు, ఊపిరితిత్తుల్లో కఫం చేరతాయి. ఇంటికొచ్చిన మర్నాటి నుంచే వరండాలో నడక, రెండో వారానికి వీధి చివరిదాకా, నెల తిరిగేసరికి ఆర్ట్స్ కాలేజీ మైదానంలో పొద్దున నడిచేవాళ్ళ వెనక ఒక చుట్టు. పక్కటెముకలు సర్దుకునేదాకా, అంటే మూడు నాలుగు వారాలు, బిందె ఎత్తడం, గ్యాస్ సిలిండర్ జరపడం, గుంతల రోడ్డు మీద బైక్ మాత్రం వద్దు.

నిద్ర పట్టకపోవడం, ఊరికే కళ్ళనీళ్ళు రావడం, ఎవరితో మాట్లాడబుద్ధి కాకపోవడం కూడా ఈ ఆపరేషన్ తర్వాత కనబడేవే. మగవాళ్ళు చెప్పుకోరు. నెల దాటినా అలాగే ఉంటే దానికీ మందు ఉంది.

పాత నొప్పి మళ్ళీ వస్తే

అతికిన నాళం మడత పడటం, బిగుసుకుపోవడం, గడ్డతో మూసుకుపోవడం అరుదే గానీ, వస్తే ఆలస్యం పనికిరాదు. కోత నొప్పిని వేలితో చూపించగలరు, నొక్కితే పెరుగుతుంది, దగ్గినా తిరిగినా పోటు పొడుస్తుంది. గుండె నొప్పి అరచేతితో చూపిస్తారు. బరువు పెట్టినట్టు, బిగించినట్టు ఉండి దవడకో, చేతికో పాకుతుంది, నడిస్తే వస్తుంది, చెమట పట్టిస్తుంది. అన్నిటికంటే నమ్మదగ్గ సాక్షి రోగే. ఆపరేషన్‌కు ముందు వచ్చిన నొప్పి లాంటిదే మళ్ళీ వస్తోందా అని అడిగితే చెప్పేస్తాడు. షుగర్ పాతబడిన వాళ్ళకు నొప్పే తెలియకపోవచ్చు, ఆయాసం, చెమట మాత్రమే ఉంటాయి. ఈసీజీ, గుండె కండరం దెబ్బతిన్నదా అని చెప్పే ట్రోపోనిన్ రక్తపరీక్ష, ఎకో ఇక్కడే చేయించి, ఆ తర్వాత అవసరమైతే యాంజియోగ్రామ్‌కు వెళ్ళాలి. మూసుకుపోయిన చోట స్టెంట్ వేయడమో, మళ్ళీ కుట్టడమో అక్కడ తేలుస్తారు.

దీర్ఘకాలంలో లిమా నిజంగా నమ్మకస్తురాలు. పదేళ్ళ తర్వాత కూడా వందలో తొంభై మందికి పైగా తెరిచే ఉంటుంది. కాలి సిర అలా కాదు, పదేళ్ళకు సగానికి సగం మూసుకుపోవచ్చు. ఆస్పిరిన్ జీవితాంతం, దాంతోపాటు చాలామందికి ఏడాదిదాకా క్లోపిడోగ్రెల్, చెడు కొలెస్ట్రాల్ 70 కంటే కిందకు, కొందరిలో 55 కంటే కిందకు దించే స్టాటిన్ ఇందుకే. పన్ను పీకించుకోవడానికి దంతవైద్యుడి దగ్గరికి వెళ్ళినా, గుండె డాక్టరును అడక్కుండా ఈ మాత్రలు ఆపకూడదు.

200 కిలోమీటర్ల సమస్య

అనంతపురం నుంచి బెంగళూరుకు, కర్నూలు నుంచి హైదరాబాద్‌కు 200 కిలోమీటర్లు పైమాటే. ఏ చిన్న తేడా వచ్చినా "చేసినోళ్ళ దగ్గరికే పోదాం" అనుకోవడం సహజం. ఇంకో వైపు స్థానిక డాక్టర్లలో కొందరు వేరే చోట ఆపరేషన్ అయిన కేసు ముట్టుకోవడానికి జంకుతారు. ఈ రెండింటి మధ్య మనిషి నలిగిపోతాడు. డిశ్చార్జ్ కాకముందే సొంత ఊళ్ళో ఒక గుండె డాక్టరునో, ఫిజీషియన్‌నో ఖాయం చేసుకుని, ఇంటికొచ్చిన రెండు మూడు రోజుల్లో ఒకసారి చూపించి రావడమే దీనికి మందు. అప్పుడు తీసిన ఈసీజీ, ఎక్స్‌రే తర్వాత ఏ తేడా వచ్చినా పోల్చుకోవడానికి పనికొస్తాయి. 108 ఎటూ దగ్గరి ఆసుపత్రికే తీసుకెళ్తుంది, బెంగళూరుకు కాదు.

పేదలకు ఉచిత వైద్యం పేరుతో ఆరోగ్యశ్రీ మొదలైన 2007లో తొలి మూడు జిల్లాల్లో అనంతపురం ఒకటి. ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తున్న ఆ పథకంలో ఆపరేషన్ అయినవాళ్ళు, తర్వాతి ఇబ్బందికి మళ్ళీ చేరాల్సి వస్తే ఖర్చు ఎలా, మందులు ఎన్నాళ్ళు అన్నది డిశ్చార్జ్ రోజే ఆసుపత్రి హెల్ప్‌డెస్క్‌లో అడిగి రాయించుకోవాలి. ఆ రోజు బిల్లు గొడవలో, కారు తొందరలో ఎవరూ అడగరు.

ఫైలులో పైన ఉండాల్సింది ఒకే ఒక్క కాగితం: ఏ తేదీన ఏ ఆపరేషన్ చేశారు, ఎన్ని నాళాలు కలిపారు, దేనికి లిమా, దేనికి కాలి సిర, హార్ట్ లంగ్ మెషీన్ వాడారా లేదా, గుండె పంపింగ్ ఎంత శాతం, రక్తం పలుచబడే మందులు ఏవి, దేనికి ఎలర్జీ, రాత్రిపూట ఎత్తే డ్యూటీ ఫోన్ నంబరు ఏది. దాని ఫోటో ఇంట్లో ఇద్దరి ఫోన్లలో ఉండాలి. మన ఇళ్ళల్లో ఫైలును బీరువాలో పట్టుచీరల కింద దాస్తారు. రాత్రి రెండింటికి 108 వాకిట్లో ఆగినప్పుడు బీరువా తాళంచెవి కోసం వెతుకుతుంటారు.